శనివారం దేవయ్య, రుస్తాఖ్ రేడియో

ఓమాన్ నుంచి తిరిగొచ్చాక మా వీధిలో నన్ను అడగనివాళ్ళు లేరు, "యుద్ధం చూశావా?" అని. కువైట్ యుద్ధం మొదలైన రెండో వారంలో, అందరూ వద్దు వద్దంటుంటే టిక్కెట్టు చేతబట్టుకుని విమానం ఎక్కిన మొండిదాన్ని కదా, ఏ క్షిపణో నా నెత్తి మీదుగా పోయి ఉంటుందని వాళ్ళ ఆశ. పోలేదు. ఓమాన్‌లో ఒక్క బాంబు పడలేదు, ఒక్క పూట కరెంటు పోలేదు. మా కరీంనగర్‌లోనే ఎక్కువ పోతుంది. యుద్ధమంతా అక్కడికి వందల మైళ్ళ అవతల జరిగింది. అయినా సరే, నేను యుద్ధం చూశాను. అది మా తమ్ముడి కంపెనీ క్యాంపులో వంటగది గోడకు మేకు కొట్టి తగిలించిన రేడియోలోంచి వచ్చింది.

నా ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ ముసల్ది రేడియో గురించి ఇంత రాద్ధాంతం ఎందుకు చేస్తోందో మీకు అంతుపట్టదు. జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాను. అందులో జర్మనీ పాఠం ఒకటి. "యూదులపై ప్రజలను రెచ్చగొట్టిన యుద్ధకాల ప్రచార పద్ధతులను వివరింపుము." ఐదు మార్కులు. పిల్లలు ఏళ్ళ తరబడి ఒకే జవాబు రాస్తున్నారు: "చవక రేడియోలు ఇంటింటికీ చేర్చిరి. ఒకే మాట పదేపదే చెప్పిరి. ప్రజలు మోసపోయిరి." నేనూ ఏళ్ళ తరబడి ఐదుకు నాలుగు వేస్తున్నాను.

సీబు: పచ్చడి పరీక్ష

గల్ఫ్‌కు పోయేవాళ్ళ పెట్టెలో సొంత బట్టలు ఒక మూలకే ఉంటాయి. మిగతాదంతా ఊళ్ళో వాళ్ళది. నేను పోతున్నానని తెలియగానే జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి ఆడవాళ్ళు బస్సులెక్కి వచ్చారు. సకినాలు, ఎండుమిరప, మాటలు నింపిన క్యాసెట్లు, చంటిపిల్ల కొత్త ఫోటో. గంగారాం అనే మేస్త్రీ భార్య తిరుపతి లడ్డూను పాలపొడి డబ్బాలో పెట్టి, మూతకు చుట్టూ ప్లాస్టరు వేసి తెచ్చింది. "అమ్మా, చేతుల పట్టుకొనే పోవాలె, కింద వెట్టొద్దు" అని ఆజ్ఞ. బొంబాయి నుంచి సీబు ఎయిర్‌పోర్టు దాకా ఆ డబ్బా నా ఒళ్ళోనే కూర్చుంది.

సీబులో కస్టమ్స్ ఆయన చీలమండల దాకా తెల్లటి దిష్‌దాషా, నెత్తిన కుట్టుపని టోపీతో పెళ్ళికొడుకులా ఉన్నాడు. మన దగ్గర కస్టమ్స్ వాళ్ళు పెట్టె తెరవగానే కోపం తెచ్చుకుంటారు. ఈయన నవ్వుతూ తెరిచాడు. మామిడికాయ పచ్చడి సీసా మూత తీసి వాసన చూశాడు, తుమ్మాడు, మళ్ళీ తుమ్మాడు, కళ్ళు తుడుచుకుంటూ "ఖలాస్, పో" అన్నాడు. దేశంలోకి నా ప్రవేశం అలా జరిగింది.

బర్కా: ఐసు ఎందుకు దండగ

మా తమ్ముడు శ్రీహరి పికప్ వేసుకుని వచ్చాడు. రుస్తాఖ్‌లో స్కూళ్ళు, రోడ్లు కట్టే ఒక కంపెనీలో వాడు క్యాంప్ బాస్. కూలీల రూములు, తిండి, జగడాలు, జ్వరాలు, అన్నీ వాడి నెత్తినే. క్యాంపు గేటు పక్కనే వాడికి రెండు గదుల ఇల్లిచ్చారు.

దారిలో బర్కా చేపల బజారు తగిలింది. ఇసకలో గోనెపట్టాలు పరిచి, వాటి మీద మనిషంత చేపలు. బేరం మాత్రం అచ్చం మన పద్ధతే. వాళ్ళు ఒక ధర చెబుతారు, మనం వెళ్ళిపోతున్నట్టు నటిస్తాం, వాళ్ళు పిలుస్తారు. రియాల్ అంటే అప్పటికి మన యాభై రూపాయలకు కాస్త తక్కువ. రొయ్యలు కిలో రియాలున్నర చెప్పారు. రేపు శుక్రవారం, సెలవు, క్యాంపుకు స్పెషల్ వండించాలని మా వాడు గంపెడు కొన్నాడు. చేపలవాడు ఐసు చూపించాడు.

"గంట దారికి ఐసెందుకే అక్కా, దండగ" అన్నాడు మా వాడు.

గంట దారే. కానీ నడుమ నఖల్ వచ్చింది. కొండ కింద కోట, ఆ వెనక ఖర్జూరపు తోట, తోటలో వెచ్చటి నీళ్ళ ఊట. నేను పాదాలు నీళ్ళలో పెట్టాను, ఇక తియ్యబుద్ధి కాలేదు. ఒక ముసలావిడ పక్కన చేరి తన గాజులూ నా గాజులూ పోల్చుకుని, నావి గాజువని తెలిసి బోలెడు జాలిపడింది. టీలు తాగాం. పికప్ వెనక ఎండలో రొయ్యలు మా కోసం ఓపిగ్గా ఎదురుచూశాయి.

మళ్ళీ బండెక్కాక శ్రీహరి వంటాయన సంగతి చెప్పాడు. పేరు దేవసహాయం, బాపట్ల వైపు మనిషి. క్యాంపులో అందరికీ "శనివారం దేవయ్య".

"శనివారం పొయ్యి ముట్టడు. ఆ పూటకు జోసెఫని కేరళాయన వండుతడు. మనోళ్ళేమో వెంకన్న భక్తుడు, శనివారం ఒక్కపొద్దుంటడు అనుకుంటరు. గంగారామైతే ప్రతి శనివారం దండం బెట్టి పోతడు."

"కాదా మరి?"

"కాదే. కిరస్తానీ. శనివారమే ప్రార్థన జేసే సంఘమొకటున్నది. రొయ్యలు, పొలుసు లేని చేపలు తినరు, చాయ్ గూడ తాగరు. నాకొక్కనికే చెప్పిండు."

"మరి వాళ్ళకెందుకు చెప్పలేదు?"

"అడిగినోడు లేడు. దండం బెడుతుంటె ఎవడు వద్దంటడే?" అని నవ్వాడు మా వాడు. నేనూ నవ్వాను. శనివారం అనగానే వెంకన్నే తప్ప ఇంకోటి తోచని జనం మాకు తప్ప ఇంకెవరికి దొరుకుతారు!

రుస్తాఖ్: శుక్రవారం క్షవరాలు

రుస్తాఖ్‌లో చూడాల్సినవి చాలా ఉన్నాయి. పెద్ద కోట, వేడినీళ్ళ బుగ్గ, ఖర్జూరం చెట్లకు తాడుతో ఎగబాకే మనుషులు. చూశాను. బాగున్నాయి. కానీ నాకు ఎక్కువ గుర్తున్నది శుక్రవారం మధ్యాహ్నం, వంటగదికి ఎదురుగా వడ్రంగి షెడ్డు నీడలో వేసిన ఒక కుర్చీ.

ఆ కుర్చీ మస్తాన్‌ది. బజారులో సెలూన్ ఉంది. శుక్రవారం నమాజు కాగానే సంచీ తగిలించుకుని క్యాంపుకు వస్తాడు. కడప జిల్లా మనిషి. అంత మంచివాణ్ణి నేను రుస్తాఖ్‌లో ఇంకొకణ్ణి చూడలేదు, ముందే చెబుతున్నాను. ఒంట్లో బాగాలేని వాళ్ళ దగ్గర పైసా పుచ్చుకోడు. సైట్ మీద కాలు విరిగినతనికి వారం పాటు తన ఇంటినుంచి గంజి మోశాడట. నన్ను చూడగానే "అక్కయ్యా, కరీంనగరా? మా చిన్నాయన బిడ్డనిచ్చింది ఆడికే" అని సంచీలోంచి ఇన్ని ఖర్జూరాలు తీసి నా కొంగులో పోశాడు.

మస్తాన్ వచ్చాడంటే రేడియో పెడతారు. అరబ్బీ స్టేషను. ముందు డప్పులు, తర్వాత ఒకాయన గొంతు. ఆయన ఏం చెప్పినా కత్తి దూసినట్టే ఉంటుంది, ఉల్లిపాయల ధర చెప్పినా అంతేనేమో. క్యాంపులో అరబ్బీ వచ్చినవాళ్ళు లేరు. జీతం, పని, పాస్‌పోర్టు, ఖలాస్, ఈ నాలుగు ముక్కలే అందరికీ. మస్తాన్ మాత్రం ఏళ్ళుగా అరబ్బుల గడ్డాలు దిద్దుతూ నేర్చుకున్నాడు. కత్తెర గాల్లో ఆపి, చెవి రిక్కించి వింటాడు. "అరె సునో!" అంటాడు. కత్తెర కింద తల ఉన్నవాడు బిగుసుకుపోతాడు.

తర్వాత అనువాదం. జగిత్యాల వాళ్ళకు తెలుగులో, బీహారు వాళ్ళకు హిందీలో. రేడియో ఆయన రెండు ముక్కలు అంటే మస్తాన్ రెండు గడ్డాలు పూర్తయ్యేంత సేపు చెప్పేవాడు. యహూదీలు ఎక్కడెక్కడ ఉన్నారో, ఎవరి డబ్బు ఎటు పోతోందో, ఏ బావిలో ఏం కలిసిందో అన్నీ వచ్చేసేవి. యహూదీలంటే మనం పుస్తకాల్లో యూదులని రాసేవాళ్ళు. ఆ క్యాంపులో ఒక్కరూ యూదుణ్ణి చూసి ఎరగరు. ఆరు నెలల క్రితం వరకూ ఆ మాటే వినలేదట.

"మస్తాన్, ఇదంతా రేడియో చెప్పిందా?" అని ఉండబట్టలేక అడిగాను.

"అక్కయ్యా, అరబ్బీలో ఒక ముక్కంటే మన బాసలో పది ముక్కలు చెప్పాల. లేకుంటే వీళ్ళకు అర్థం కాదు" అన్నాడు ఎంతో నిజాయితీగా.

"ఇప్పుడేం చెప్పాడు?"

"వాళ్ళు మీ మధ్యనే ఉండారు, జాగర్త అంటాండాడు."

"మా మధ్యన ఉంటే మాకు తెల్వదా?" అన్నాడు కుర్చీలో ఉన్న గంగారాం.

"ఎట్ల తెలుస్తాదప్పా? మనుషుల మాదిరే ఉంటారు. కానీ గుర్తులుండాయి. బజార్లో అందరూ చెప్తాండారు. శనివారం పొయ్యి అంటించరు. పొలుసు లేని చేప ముట్టరు. మనతో కూచొని తినరు."

ఎవరో కిసుక్కున నవ్వి, "మన శనివారం దేవయ్య లెక్కనే!" అన్నారు. అందరూ పడీ పడీ నవ్వారు. దేవసహాయం వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనూ నవ్వాడు. ఆ నవ్వు అక్కడితో ఆగి ఉంటే ఇప్పుడు మీకు రుస్తాఖ్ కోట బురుజుల గురించి రాస్తూ ఉండేదాన్ని.

ఆ మధ్యాహ్నం మేం తిన్నది ఏమిటో మీకు తెలుసు. రొయ్యల ఇగురు. ఏ మాటకామాటే చెప్పాలి, అమృతం. దేవసహాయం అందరికీ కొసరి కొసరి వడ్డించి, తాను పప్పన్నం తిన్నాడు.

శనివారం: కడుపులు, అనుమానాలు

సాయంత్రానికి లెట్రిన్ల ముందు బారులు తీరారు. నేనూ, శ్రీహరి ఇంట్లో ఉన్న ఒక్కదాని కోసం వంతులు వేసుకున్నాం. ప్రాణం మీదికి ఎవరికీ రాలేదు. నిమ్మకాయ నీళ్ళు, ఉప్పూ పంచదారా తాగి పడుకుంటే మర్నాటికి తేరుకున్నాం.

మర్నాడు శనివారం. దేవసహాయం తన పద్ధతి ప్రకారం రూమ్‌లో తలుపేసుకుని కూర్చున్నాడు. జోసెఫ్ వండాడు. దినుసుల్లోనే దేవయ్య విషం కలిపి ఉంటాడని గిన్నెల ముందు ఒక్కరూ కూర్చోలేదు.

"వండినోడు తినలే. తిన్నోళ్ళమంత పడ్డం. ఇయ్యాల దాక్కున్నడు" అన్నారు. నిన్న నవ్విన నోళ్ళే, నవ్వు మాత్రం లేదు.

శ్రీహరి అందరినీ పోగేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. "తప్పు నాది. ఐసు కొనలే. నఖల్ల చాయ్ తాగుకుంట కూసున్నం. రొయ్యలు ఎండకు చెడినయ్. గాయన వండక ఏంజేస్తడు?" పక్కనుంచి నేనూ సాక్ష్యం చెప్పాను, నఖల్ నీళ్ళలో కాళ్ళు పెట్టిన సంగతితో సహా.

గంగారాం చేతులు కట్టుకుని విని, "సార్, మీరు మంచోళ్ళు. గందుకే తప్పు మీ మీదేస్కుంటున్నరు" అన్నాడు. అందరూ తలలూపారు. నిజం చెబితే ఇంత గౌరవం దక్కడం నా జీవితంలో అదే మొదటిసారి.

అప్పుడు దేవసహాయం తలుపు తీసుకుని బయటికొచ్చాడు. అతను రాకపోతే బాగుండేది, వచ్చినా నోరు విప్పకపోతే ఇంకా బాగుండేది. "అన్నా, నేను యహూదినీ కాదు, ఎవర్నీ కాదు. క్రైస్తవుణ్ణండి. మా సంఘంలో శనివారమే విశ్రాంతి దినం. అంతే" అన్నాడు.

అందరూ జోసెఫ్ వైపు తిరిగారు. క్రైస్తవం సంగతి క్రైస్తవుడే కదా తేల్చాలి. జోసెఫ్ బుర్ర గోక్కుని, "హమ్ లోగ్ సండే కో జాతా హై. సాటర్డే వాలా క్రిస్టియన్ మై కభీ నహీ దేఖా" అన్నాడు. పాపం, అతనూ అబద్ధం చెప్పలేదు. శనివారం ప్రార్థన చేసే క్రైస్తవుణ్ణి నిజంగానే చూడలేదు.

గంగారాం ముఖం ముడుచుకుపోయింది. అతనికి విషం కంటే ఇదే పెద్ద దెబ్బ. "గిన్నేండ్లు నాతోని దండాలు వెట్టించుకుంటివి. ఒక్కనాడన్న కాదంటివా? గిది దాసినోనివి ఇంకెన్ని దాసినవో" అన్నాడు.

ఆ రోజునుంచి మెస్ బంద్. బజారులో ఖుబ్బూస్ రొట్టె తెచ్చుకుని, పచ్చి టమాటలు కోసుకుని, డ్యూటీనుంచి వచ్చి ఎండు ముక్కలు నమిలేవారు. వంటగదిలోంచి పోపు వాసన వస్తుంటే రూముల్లో మింగుడుపడక అల్లాడేవారు. అయినా పట్టు వదల్లేదు. దేవసహాయం మంచాన్ని ఎవరో రూమ్‌లోంచి తెచ్చి ఆరుబయట పడేశారు. వంటగది రేకుల మీద రాయి పడింది. ఎవరు వేశారంటే అందరూ ఆకాశం వైపు చూశారు.

కంపెనీ మేనేజరు శ్రీహరికి తేల్చి చెప్పాడు. వచ్చే శుక్రవారం లోపల మనుషులు మెస్‌లో తినాలి, లేకపోతే వంటవాణ్ణి విమానం ఎక్కించు. నిజానిజాలు ఆయనకు అక్కర్లేదు, సైట్ మీద పని జరగాలి.

దేవసహాయం మా ఇంటికొచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"అమ్మగారూ, పంపిస్తే పోతాను. చీరాలలో నాలుగిడ్లీలు వేసుకున్నా బతుకుతాను. కానీ ఊళ్ళో దిగగానే అడుగుతారండి, మధ్యలో ఎందుకొచ్చావ్, ఏం చేసి వచ్చావ్ అని. ఏం చెప్పమంటారు? అన్నంలో విషం పెట్టానంటున్నారని చెప్పనా? ఇక నా చేతి అన్నం ఎవడు తింటాడండి?"

నాకు పిల్లలు పరీక్షలో రాసేదే గుర్తొచ్చింది, "ప్రజలు మోసపోయిరి" అని. వీళ్ళేమీ మోసపోలేదు. పొద్దున లేస్తే సిమెంటు, సాయంత్రం వస్తే గోడలు. చూడ్డానికి ఒక్కటీ లేని చోట రేడియో వాళ్ళకు చూసే పని ఇచ్చింది. ఎవరు తింటున్నారు, ఎవరు తినడం లేదు, ఎవరు తలుపేసుకున్నారు. అందరి కళ్ళల్లో ఎప్పుడూ లేని హుషారు. ఆ హుషారు చూస్తేనే నాకు భయమేసింది.

సొహార్: హల్వా, గోరీలు

కంపెనీ అసలు యజమాని, అర్బాబ్ అంటారు, ఆయన తండ్రి సొహార్‌లో ఉంటాడు. పెద్దమనిషి, ఆయన ఒక్క మాట అంటే క్యాంపు వింటుందని శ్రీహరి ఆశ. నన్నూ వెంటబెట్టుకుని సముద్రం పక్క రోడ్డు పట్టాడు.

ముసలాయన వయసులో బొంబాయిలో ఖర్జూరం అమ్మినవాడు. హిందీ నాకంటే బాగా మాట్లాడాడు. ముందు హల్వా పెట్టారు. మన హల్వా కోసుకు తింటాం, అది జారిపోతుంటే మూడు వేళ్ళతో పట్టుకోవాలి. తర్వాత చిట్టి గిన్నెల్లో చేదు కాఫీ. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ ఆడించాలట. నాకు ఎవరూ చెప్పలేదు. మర్యాద కదా అని తాగుతూ పోయాను, పోసేవాడు పోస్తూ పోయాడు. ఆ రోజంతా నా గుండె గుర్రంలా పరుగెత్తింది.

శ్రీహరి సంగతంతా చెప్పాడు. ముసలాయన నవ్వాడు.

"ఈ ఊళ్ళో ఒకప్పుడు ఉండేవాళ్ళమ్మా, యహూదీలు. మా పెద్దలు వాళ్ళ దగ్గర బట్ట కొనేవారట. కొలత సరిగ్గా ఉండేదని మా నాయన చెప్పేవాడు. ఊరి బయట వాళ్ళ గోరీలున్నాయి. నేను మనుషుల్ని చూడలేదు, గోరీలే చూశాను. చిన్నప్పుడు వాటి మీద ఎక్కి ఆడుకునేవాళ్ళం."

"మీరొకసారి క్యాంపుకొచ్చి ఆ మాట చెప్పండి, మీరంటే వింటారు" అన్నాను.

ఆయన ఆలోచించాడు. "వచ్చినా ఏం లాభం? నేను ఒక్కసారి చెప్పి వచ్చేస్తాను. ఆ పెట్టె రోజంతా చెబుతుంది. నేను ఏం గెలుస్తాను?" అన్నాడు. పక్కగదిలోంచి ఆయన మనవళ్ళు పెట్టుకున్న రేడియో గట్టిగా వినిపిస్తూనే ఉంది. అదే గొంతు. ఆయన చెయ్యి చాచి నా గిన్నెలో ఇంకాస్త కాఫీ పోయమన్నాడు.

తిరుగుదారిలో గోరీలు చూద్దామన్నాను. కొన్ని రాళ్ళు, తుమ్మముళ్ళు, రెండు మేకలు. ఏ రాయి ఎవరిదో చెప్పేవాళ్ళు లేరు.

మళ్ళీ క్యాంపు: పాలపొడి డబ్బా

రుస్తాఖ్ కొండలు కనిపించాక శ్రీహరి, "అక్కా, గంగారాం లడ్డు ఇచ్చినవా?" అన్నాడు.

ఇవ్వలేదు. కడుపుల గోలలో, జగడాల గోలలో ఆ డబ్బా మా అలమరలోనే ఉండిపోయింది.

"మంచిదైంది. నువ్వు మాట్లాడకు. నేను జూసుకుంట."

గురువారం సాయంత్రం డ్యూటీ దిగగానే అందరినీ వడ్రంగి షెడ్డు దగ్గరికి పిలిచాడు. మస్తాన్‌ని కూడా పిలిపించాడు. ప్లాస్టరు ఊడదీసి, లడ్డూను పళ్ళెంలో పెట్టి గంగారాం చేతికిచ్చాడు. తిరుపతి లడ్డు! గంగారాం కళ్ళు చెమర్చాయి.

అప్పుడు మా వాడు మొదలుపెట్టాడు. అంత చక్కగా అబద్ధం ఆడగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఇనుండ్రి. దేవయ్య పుట్టక పుట్టక పుట్టిండు. ఆయన తల్లి శనివారం పొయ్యి ముట్టియ్యనని వెంకన్నకు మొక్కుకున్నది. కిరస్తానంల కలిసినా తల్లి మొక్కు ఇడువలే. సంఘమోళ్ళకు తెలిస్తె కోపానికొస్తరని కిరస్తానీ ముచ్చట జెప్పిండు. మీరు మొదటిసంది అనుకున్నదే నిజం."

నిజం చెప్పినప్పుడు తలలూపినవాళ్ళు, ఇప్పుడు ఊపిరి బిగబట్టి వింటున్నారు. దేవసహాయం తల వంచుకుని గోడ పక్కన నిలబడ్డాడు. అవుననలేదు, కాదనలేదు.

గంగారాం లేచాడు. లడ్డు ముక్క విరిచి అతని ముందుకెళ్ళి చెయ్యి చాచాడు. "దేవయ్యా, నిజమైతె తిను."

దేవసహాయం ఆ ముక్క కేసి చూశాడు. వాళ్ళ సంఘంలో విగ్రహానికి పెట్టింది ముట్టరని నాకు తెలుసు. రొయ్యే ముట్టనివాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. క్యాంపంతా చూస్తోంది. అతను ఆ ముక్కను నోట్లో పెట్టుకుని నమిలి మింగాడు.

"గోవిందా!" అని ఎవరో అరిచారు. ఇక చూడండి. గంగారాం అతన్ని వాటేసుకుని ఏడ్చాడు. మస్తాన్ చప్పట్లు కొట్టి, "అరె, అప్నా ఆద్మీ! నేను ముందే చెప్పలా?" అన్నాడు. ముందు అతను ఏం చెప్పాడో ఎవరూ గుర్తు చేయలేదు. మంచం రూమ్‌లోకి వెళ్ళిపోయింది. ఆ పూట మెస్‌లో కూర్చోడానికి చోటు చాల్లేదు. వారం రోజుల ఖుబ్బూస్ కసి తీరా తిన్నారు.

శ్రీహరి ఆనందం పట్టలేకపోయాడు. నేను మాత్రం గంగారాంను ఊరికే వదలదల్చుకోలేదు.

"గంగారాం, ఆయన యహూది కాదని తేలింది, సరే. ఒకవేళ అయ్యుంటే? రొయ్యలు చెడగొట్టింది మా తమ్ముడే కదా?"

గంగారాం నన్ను జాలిగా చూశాడు. "కాదని తేలింది గద టీచరమ్మా. అయ్యుంటె అనేది ఇంకెందుకు?" అన్నాడు. అడుగుతున్నది ఏమిటో అతనికి ఎక్కలేదు. ఇంకోసారి అడిగాను. లడ్డు పెట్టాడు.

శనివారం వచ్చింది. ప్రసాదం తిన్నాక ఇంకేం నియమం అనుకున్నాడో ఏమో, దేవసహాయం పొద్దున్నే పొయ్యి దగ్గరికి వెళ్ళబోతే పదిమంది అడ్డుపడ్డారు. "నువ్వు ముట్టద్దు దేవయ్యా, మాకు పాపం దలుగుతది" అని. తలుపేసుకుని కూర్చోమన్నారు. గంగారాం బయట కాపలా కూర్చుని, గట్టిగా మాట్లాడేవాళ్ళను కసిరాడు. వాళ్ళ సంఘం పద్ధతికి అంత భద్రత వాళ్ళ సొంత ఊళ్ళోనైనా ఉండదు.

వెళ్ళిరావడం

నేను బయల్దేరే రోజున పెట్టె మళ్ళీ నిండింది. ఈసారి అక్కణ్ణుంచి ఇక్కడికి. సెంటు సీసాలు, టార్చిలైట్లు, క్యాసెట్లు. మస్తాన్ ఖర్జూరాల డబ్బా తెచ్చి, డబ్బులిస్తే చెవులు మూసుకున్నాడు. దేవసహాయం పులిహోర పొట్లం కట్టి తెచ్చాడు, అరటాకులో, దారం చుట్టి. విమానంలో పెట్టేది తినొద్దని గట్టిగా చెప్పాడు.

అందరూ పెట్టెలు ఎక్కిస్తుంటే నన్ను కాస్త పక్కకు పిలిచాడు. లడ్డు సంగతి మాట్లాడతాడనుకున్నాను. ఆ సాయంత్రం నుంచి అతను నా ముఖం సరిగ్గా చూడలేదు. ఏదైనా ఓదార్పు మాట చెప్పాలని తయారుగా ఉన్నాను.

"అమ్మగారూ, ఒక మాట. ఎవరితో అనకండి" అన్నాడు గొంతు తగ్గించి. "సొహార్ సైట్లో కొత్తగా ఒక పెయింటర్ వచ్చాడంటండి. ఏ దేశపోడో తెలియదు. ఎవరితోనూ కలవడంట. తెచ్చుకున్నది ఒక్కడే కూచుని తింటాడంట."

"అయితే?"

"అయితే ఏముందండి! వాడు నిజంగానే యహూదంట."

"మీకెవరు చెప్పారు?" అన్నాను.

"మస్తాన్ చెప్పాడండి. రేడియోలో వచ్చిందంట" అన్నాడు దేవసహాయం. "తమ్ముడుగార్ని జాగ్రత్తగా ఉండమనండి. ఆయన మంచోళ్ళు, ఎవర్నయినా నమ్మేస్తారు."

అతని ముఖంలో వారం కిందట క్యాంపు వాళ్ళ కళ్ళల్లో నేను చూసిన హుషారే ఉంది. పొట్లం నా చేతిలో పెట్టి, నమస్కారం చేసి, వాళ్ళందరితో కలిసి గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు. గంగారాం అతని భుజమ్మీద చెయ్యేసి నిలబడ్డాడు.

విమానంలో సగం సీట్లు ఖాళీ. పొట్లం విప్పాను. కోపానికి పారేద్దామనుకున్నాను గానీ, వాసన తగిలాక చేతకాలేదు. చింతపండు పులుపు, వేరుశనగ గింజ, ఇంగువ, అన్నీ కుదిరాయి. మెతుకు మిగల్చకుండా తిన్నాను. తింటున్నంతసేపూ ఆ పెయింటరే మనసులో మెదిలాడు. అతను ఎలా ఉంటాడో, ఏ ఊరివాడో, ఏం తింటాడో, ఒక్కడే ఎందుకు తింటాడో నాకు తెలియదు. రుస్తాఖ్‌లో అందరికీ తెలుసు.